గుండీల కొట్టు ముందు ఎనిమిదో స్థలం

మోటార్లు చుట్టే మేస్త్రి చెడ్డవాడు కాదు. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది. చెడ్డవాడు ఏదైనా చేస్తే ఊరు తిట్టి ఊరుకుంటుంది. మంచివాడు చేస్తేనే ఎటు చూడాలో ఎవరికీ తోచదు. చేసినవాడికి అసలే తోచదు.

కాలిపోయిన మోటార్లకు మళ్ళీ ప్రాణం పోయడం అతని పని. మాడిన తీగ కోసి లాగేస్తాడు, గాడుల్లో కాగితం దోపుతాడు, కొత్త రాగి తీగ చుట్లు చుట్లుగా దించుతాడు, వార్నిష్ పోసి వేడికి ఆరబెడతాడు. మూత విప్పకముందే వాసన చూసి, ఇది బతుకుతుందో లేదో చెప్పగలడు. కింద దుకాణం, పైన ఇల్లు. ఇంట్లో స్కూలు యూనిఫారాలు కుట్టే భార్య, మోకాళ్ళు అరిగినా నోరు అరగని తల్లి.

విచారణలో, అంటే ఆ చర్చి కిందికి వచ్చే విశ్వాసుల్లో, అతనికో హోదా ఉంది. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాసాల రోజులు, తపస్సు కాలం వచ్చిందంటే ప్రతి శుక్రవారం సాయంత్రం చర్చి నుంచి సిలువ మార్గం బయలుదేరుతుంది. క్రీస్తు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ వీధుల వెంట నడుస్తారు, పద్నాలుగు చోట్ల ఆగి మోకరించి ప్రార్థిస్తారు. ఆగే చోటును స్థలం అంటారు. ముందు సిలువ నడుస్తుంది. దాని వెనకే భుజానికి బ్యాటరీ, ఛాతీ మీద బూర స్పీకరు, చేతిలో మైకుతో మేస్త్రి నడుస్తాడు. ఆ సెట్టు పాత సామాన్లు ఏరి తను సొంతంగా చేసుకున్నదే. ఎక్కడ ఆగాలన్నా, ఎప్పుడు లేవాలన్నా అతని గొంతు వినబడాలి. ఫాదర్లు వచ్చారు, బదిలీ అయ్యారు, మేస్త్రి మాత్రం మారలేదు. వారమంతా చేతులకు గ్రీజుతో తిరిగే మనిషి, ఆ ఒక్క సాయంత్రం పెళ్ళికొడుకంత శుభ్రంగా కనబడతాడు.

ఎనిమిదో స్థలం గుండీలమ్మ కొట్టు ముందు. గుండీలు, జిప్పులు, దారాలు అమ్ముతుంది కాబట్టి గుండీలమ్మ. ఆవిడ విచారణ మనిషి కాదు. ఆ మాటకొస్తే ఆ మతమే కాదు. చాలా ఏళ్ళ కిందట ఊరేగింపు అక్కడికి వచ్చేసరికి కుండపోతగా వాన పట్టుకుంది. జనమంతా ఆవిడ కొట్టు రేకుల కిందికి దూరారు. అప్పటి ముసలి ఫాదర్ ఎనిమిదో స్థలం ప్రార్థన అక్కడే చదివేశారు. సిలువ మోస్తూ కూడా క్రీస్తు, తన కోసం ఏడుస్తున్న ఆడవాళ్ళ దగ్గర ఆగి వాళ్ళను ఓదార్చిన ఘట్టం అది. ఆవిడ చేతిలో కత్తెర పక్కన పెట్టి, నిలబడి చివరిదాకా వింది. తర్వాతి శుక్రవారం వాన లేదు. అయినా జనం వచ్చేసరికి కొట్టు ముందు నేల కడిగి ఉంది, చిన్న బల్ల వేసి ఉంది, దాని మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. ఎనిమిదో స్థలం అక్కడే వేళ్ళూనుకుంది.

మేస్త్రిని ఆవిడ "తమ్ముడూ" అని పిలిచేది. అతను "అక్కా" అనేవాడు. కొట్టులో ఫ్యాను ఆగితే అతనే బాగుచేసేవాడు, అతని భార్యకు కుట్టుపనికి కావలసినవన్నీ అక్కడి నుంచే వచ్చేవి. వాళ్ళ మధ్య దేవుడి ప్రస్తావన ఎన్నడూ రాలేదు.

ఈ ఏడు రిటైరైన హెడ్మాస్టారు అదే వీధి చివర కొత్త ఇల్లు కట్టుకున్నారు. విచారణలో పెద్దమనిషి. తపస్సు కాలం మొదలవ్వగానే, బాగుచేయమని నీళ్ళ మోటారు పట్టుకుని మేస్త్రి దుకాణానికి వచ్చారు. మోటారు మాట అయ్యాక అసలు మాట ఎత్తారు. ఎనిమిదో స్థలం తన వాకిట్లో పెట్టుకుంటే బాగుంటుందన్నారు. ఆవిడ మీద తనకు కోపమేమీ లేదన్నారు. విశ్వాసుల గడపలు ఇన్ని ఉండగా, నమ్మకం లేని గుమ్మం ముందు మోకరిల్లడం మనకే చిన్నతనం అన్నారు.

మేస్త్రికి వాన గుర్తొచ్చింది, తెల్లగుడ్డ గుర్తొచ్చింది. కాని ఎదురుగా ఉన్నది ఒకప్పుడు తనను బల్లెక్కించి నిలబెట్టిన మాస్టారు. ఆయన ముందు మేస్త్రి నాలుక ఇప్పటికీ అయిదో తరగతిలోనే ఉంది.

"చూద్దాం సార్," అన్నాడు.

హెడ్మాస్టారు దాన్ని సరే అని దిద్దుకుని వెళ్ళిపోయారు. మేస్త్రి వెళ్ళి కొత్తగా వచ్చిన కుర్ర ఫాదరును అడిగితే, ఎక్కడ ఆగాలో మీకే బాగా తెలుసు కదా అన్నాడాయన. దాంతో చేయాల్సిన పని ఒక్కటే మిగిలింది, గుండీలమ్మకు ముందుగా ఒక మాట చెప్పడం. కేకేస్తే వినబడేంత దూరం. మేస్త్రి వెళ్ళాడు కూడా. కొట్టు నిండా జనం ఉన్నారు. ఏం కావాలి తమ్ముడూ అని ఆవిడ అడిగితే, అవసరం లేని నల్ల గుండీల అట్ట ఒకటి కొనుక్కుని తిరిగొచ్చాడు. పోనీలే, ఆవిడకూ కడగడం, పరచడం తప్పుతుంది అనుకున్నాడు. మనం మనకే చెప్పుకునే అబద్ధంలో ఇదొక సుఖం, సాక్షులు అక్కర్లేదు.

శుక్రవారం వచ్చింది. ఏడో స్థలం ముగించుకుని ఊరేగింపు వీధిలోకి తిరగ్గానే అతనికి కనబడింది. కొట్టు ముందు నేల ఇంకా తడిగా ఉంది. బల్ల ఉంది. దాని మీద గుడ్డ ఇస్త్రీ మడతలతో సహా తెలుస్తోంది. పక్కన నడిచేవాళ్ళ కోసం నీళ్ళ బిందె, గ్లాసులు. గుండీలమ్మ తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. మేస్త్రిని చూసి, ఏటా ఊపినట్టే చిన్నగా తలూపింది.

అప్పటికైనా ఆగొచ్చు. హెడ్మాస్టారికి తర్వాత ఏదో ఒకటి సర్దిచెప్పుకోవచ్చు. కాని మేస్త్రి చూపు సిలువ మీదే నాటి నడక పెంచాడు. పాట అందుకుని మైకు సౌండు కూడా పెంచాడు. తను దాటితే సరిపోతుందనుకున్నాడు. వెనక వచ్చే జనానికి ఎవరూ చెప్పలేదన్న సంగతి తట్టలేదు. ఆడవాళ్ళు అలవాటుగా బల్ల ముందు ఆగి, ముసుగులు సర్దుకుని మోకాళ్ళు వంచుతున్నారు. ఊరేగింపు రెండు ముక్కలైంది. వీధి చివర నుంచి హెడ్మాస్టారు రమ్మని చేయి ఊపుతున్నారు. కంగారులో మేస్త్రి వెనక్కి తిరిగి, మైకు నోటి దగ్గర నుంచి తీయకుండానే అనేశాడు.

"ఇక్కడ కాదు. ఇక్కడ కాదు, ముందుకు రండి."

మాట గోడలకు కొట్టుకుని తిరిగొచ్చింది. మోకాలు నేలకు ఆనబోతున్న ఆడవాళ్ళు ఎంగిలి తొక్కినట్టు లేచి నిలబడ్డారు. గుండీలమ్మ ముఖంలో కోపం వస్తే బాగుండేది. రాలేదు. ఆ మాట తన వెనక ఇంకెవరినో అన్నారేమో అన్నట్టు ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. గాలికి గుడ్డ అంచు లేస్తే అరచేత్తో అదిమిపట్టి, అలాగే నిలబడింది.

ఒక్క మనిషి మాత్రం లేవలేదు. మేస్త్రి తల్లి. ఎలాగో కష్టపడి మోకాళ్ళు నేలకు ఆనించింది, ఇక తనను లేపేవాడు పుట్టలేదన్నట్టు అక్కడే ప్రార్థన మొదలుపెట్టింది. ఊరేగింపు ఆమెను వదిలేసి సాగిపోయింది. హెడ్మాస్టారి నున్నటి రాతి వాకిట్లో మేస్త్రి ఎనిమిదో స్థలం చదివాడు. క్రీస్తు ఆగాడు అనే మాట దగ్గర నాలుక తడబడింది. బ్యాటరీ అయిపోతోందేమోనని జనం అనుకున్నారు.

ఇంటికొచ్చాక అతను పైకి వెళ్ళలేదు. దుకాణంలో లైటు వేయకుండా కూర్చున్నాడు. కాసేపటికి మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. తల్లిని చేయి పట్టుకుని మెట్లెక్కిస్తున్నది గుండీలమ్మే. ఆవిడ దిగి వెళ్ళేదాకా మేస్త్రి ఊపిరి బిగబట్టుకుని మోటార్ల మధ్య ఒదిగి కూర్చున్నాడు. తన దుకాణంలో తనే దొంగలా.

అన్నం దగ్గర తల్లి తిట్టలేదు. తింటూ తింటూ ఒక్క మాట అంది.

"నీ మైకు బాగానే పనిచేస్తోందిరా. వీధి చివరి దాకా వినబడింది."

మర్నాటి నుంచి భార్య జిప్పుల కోసం దూరం బజారుకు నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది. ఎండలో ఎందుకు, పక్కనే ఉంది కదా అని అతను అననూ లేకపోయాడు. తెచ్చిన సంచీని ఆమె అతని ముందే కాస్త గట్టిగా పడేసేది.

వారం మధ్యలో పాప సంకీర్తనానికి వెళ్ళాడు. ఫాదరు ముందు తన తప్పంతా చెప్పుకున్నాడు. బరువైన శిక్షే కోరుకున్నాడు. ఉపవాసాలో, మోకాళ్ళ మీద నడకో ఏదైనా సరే, చేసి వదిలించుకోవచ్చు. కుర్ర ఫాదరు ఒక చిన్న ప్రార్థన చెప్పమన్నాడు, ఈ సంగతి ఆవిడతో అన్నారా అని అడిగాడు. లేదన్నాడు.

"దేవుడు క్షమిస్తాడు, అది నేను చెప్పగలను. ఆవిడ తరఫున చెప్పడానికి నేనెవర్ని?" అన్నాడు ఫాదరు.

మేస్త్రికి కోపం వచ్చింది. బయటికొచ్చి నాలుగడుగులు వేశాక ఆ కోపం ఫాదరు మీద కాదని తెలిసింది.

ఈసారి కొట్టు ఖాళీగా ఉంది. గుండీలమ్మ రంగుల వారీగా దారపు ఉండలు సర్దుతోంది. తల ఎత్తి చూసి, స్టూలు ముందుకు జరిపింది.

"రండి మేస్త్రిగారూ. ఏం ఇమ్మంటారు?"

తిట్టినా అంత తగిలేది కాదు. తమ్ముడు పోయాడు, మేస్త్రిగారు వచ్చారు. అతను కూర్చోలేదు. హెడ్మాస్టారు అడిగిన సంగతి, తను కాదనలేకపోయిన సంగతి, గుండీల అట్ట కొనుక్కుని పారిపోయిన సంగతి, అన్నీ నేల చూస్తూ చెప్పాడు. తప్పయింది అన్నాడు. ఆవిడ దారాలు సర్దడం ఆపలేదు.

"ఇన్నాళ్ళూ మీ దేవుడే మా గుమ్మం ముందు ఆగుతున్నాడనుకున్నాను," అంది. "మీరు ఆపితేనే ఆగుతాడని తెలీదు."

అతను వచ్చే శుక్రవారం స్థలం మళ్ళీ ఇక్కడే ఉంటుందన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"బల్ల వేయను. కోపంతో కాదు, మనసు రావట్లేదు. లేని మనసు ఉన్నట్టు నటించి గుడ్డ పరిస్తే అది మీ దేవుడికీ మంచిది కాదు."

బల్ల అక్కర్లేదు, మీరు ఒప్పుకుంటే వీధిలోనే ఆగుతామన్నాడు.

"వీధి నాదా? ఆగేవాళ్ళను ఆపడానికి నేనెవర్ని," అంది. అప్పుడే ఎవరో కొనడానికి వచ్చారు. ఆవిడ అటు తిరిగింది.

ఇంటికొచ్చి, క్షమాపణ చెప్పేశానని తల్లితో అన్నాడు, కాస్త బరువు దిగినవాడిలా. తల్లి అతన్ని ఎగాదిగా చూసింది.

"అన్నది మైకులో, క్షమించమన్నది చెవిలోనా? బాగుంది బేరం."

ఆ సాయంత్రమే హెడ్మాస్టారి ఇంటికి వెళ్ళాడు. ఈ వారం మీ వాకిట్లో ఆగబోవడం లేదు సార్ అని చెప్పాడు. ఆయన ముఖం ఎర్రబడింది. వచ్చేవాళ్ళ కోసం కుర్చీలు కూడా తెప్పించాననీ, నలుగురిలో తన పరువు తీస్తున్నాడనీ అన్నారు.

"ముందే చెప్తున్నా కదా సార్," అన్నాడు మేస్త్రి. "పరువు తీయడమంటే చెప్పకుండా దాటిపోవడం. అది పోయిన వారం చేశాను."

ఆ మాట అయిదో తరగతిది కాదు. హెడ్మాస్టారు లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

శుక్రవారం చర్చి మెట్ల మీద, ఊరేగింపు కదలకముందు మేస్త్రి మైకు పట్టుకున్నాడు. పోయిన వారం గుండీల కొట్టు ముందు తను అన్న మాట తప్పని, అది ఫాదరు చెప్పమన్నది కాదని, జనం అనమన్నదీ కాదని, తన ఒక్కడి పిరికితనమని చెప్పాడు. ఎవరూ తల ఎత్తలేదు. ముందు వరుసలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఆ వారం లేచి నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకోలేదు. లేవమన్నది అతనే అయినా, లేచింది వాళ్ళే కదా. సిగ్గు పంచుకుంటే తగ్గుతుందంటారు. అబద్ధం. అది తలా కాస్త అంటుకుని పెరిగింది.

గుండీలమ్మ కొట్టు ముందు నేల పొడిగా ఉంది. బల్ల లేదు, బిందె లేదు. ఆవిడ లోపల ఎవరికో లేసు కొలిచి ఇస్తోంది, బయటకు చూడలేదు. మేస్త్రి నడివీధిలో ఆగి దుమ్ములోనే మోకరిల్లాడు. వెనక జనమంతా వంగారు. తల్లి కూడా ఇద్దరి భుజాలు పట్టుకుని దిగింది. వీధి నిండిపోయింది.

అప్పుడే సరుకుల వ్యాను ఒకటి ఎదురొచ్చింది. డ్రైవరు హారను కొట్టాడు, ఆగకుండా మళ్ళీ కొట్టాడు. మేస్త్రి చదువుతున్న చోటు తప్పిపోయింది. లేచి పక్కకు జరగమనాలా, ఇంకోసారి ఈ గుమ్మం ముందు మనుషుల్ని లేపాలా? చేతిలో మైకు నోటి దాకా రాలేదు.

లోపల కత్తెర పెట్టిన చప్పుడైంది. గుండీలమ్మ మెట్టు దిగి వచ్చి, మోకరించిన వాళ్ళ పక్కగా నడిచి, వ్యాను ముందు అడ్డంగా నిలబడింది.

"మనుషులు మోకాళ్ళ మీద ఉన్నారు, కళ్ళు లేవా నీకు? ఆపు ఆ గోల," అని డ్రైవరును కసిరింది. తర్వాత మేస్త్రి వైపు తిరగకుండానే, "కానివ్వండి మేస్త్రిగారూ. నాకు లోపల బేరం ఉంది," అంది.

కానివ్వాలనే అతనూ అనుకున్నాడు. పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయాయి. జనం ఎదురుచూశారు. చివరికి అతని తల్లి ముసలి గొంతుతో ప్రార్థన అందుకుంది. ఒక్కొక్కరే కలిశారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. మేస్త్రి తల వంచుకుని పెదాలు మాత్రం కదిపాడు. ప్రార్థన సగంలో ఒకసారి కళ్ళెత్తి చూశాడు. గుండీలమ్మ ఇంకా వ్యానుకు అడ్డంగా, వాళ్ళకు వీపు చూపిస్తూ నిలబడే ఉంది.