కారు మోత అణచడానికి ఏడు నెలలు

మా కారులో మాట్లాడాలంటే అరవాలి. అరిస్తే అది మాట కాదు, పోట్లాట అవుతుంది. అందుకే పెళ్లయిన ఎనిమిదేళ్లకు, రెండు వేల ఆరులోనో ఏడులోనో, నేను ఆ కారు మోత మీద యుద్ధం ప్రకటించాను. ఎవరిని గెలవడానికి బయలుదేరానో నాకే సరిగా తెలియలేదు.

కారు తెల్లది, గుండ్రటి వీపుది. ఒకప్పుడు ఎవరో ఆఫీసర్లను మోసి, వేలంలో అమ్ముడుపోయి, రెండు చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. నాకంటే మూడేళ్లే చిన్నది. వనపర్తిలో నాతోటి లెక్చరర్లంతా కొత్త చిన్న కార్లు కొంటుంటే నేను దాన్ని కొన్నాను. పాత బండ్లంటే పిచ్చి, అంతే, వేరే సమాధానం నా దగ్గర లేదు. వేగం యాభై దాటితే తలుపుల రేకులు గడగడలాడేవి, పైకప్పు మోగేది, కాళ్ల కింద ఎవరో గిన్నెలు తోముతున్నట్టు ఉండేది. నేను దాన్ని కూడా ముద్దుగానే భరించాను. అందులో నా భార్యకు ఒక మాట చెప్పాల్సి వచ్చేదాకా.

ఆమె గద్వాల దగ్గర ఒక ఊరి బడిలో టీచర్. వారమంతా గద్వాలలో ఇంకో టీచరమ్మతో కలిసి గదిలో ఉండేది. సోమవారం పొద్దున్నే నేను దింపి వచ్చి కాలేజీకి పోయేవాణ్ణి, శనివారం సాయంత్రం తెచ్చుకునేవాణ్ణి. ఇంట్లో మా అమ్మ, తమ్ముడి సంసారం, ముందు గదిలో నా ట్యూషన్ పిల్లలు. ఇద్దరం నిలబడి మాట్లాడుకునే మూల లేదు. మాకు దొరికేదల్లా పెబ్బేరు మీదుగా కృష్ణ దాటి పోయే ఆ గంటన్నర, వచ్చే గంటన్నర.

చెప్పాల్సిన మాట ఇది. అంతకు ముందటి ఏడు ఆమెకు గవదబిళ్ళలు వచ్చాయి. చెంపలు వాచి, జ్వరం కాలిపోతూ పండుకుంది. నేను "గవదలే గద, తగ్గుతయి తియ్యి" అన్నాను. అప్పుడు వాకిట్లో కారు ఇంజన్ రిపేరు పెట్టుకున్నాను, మూడు రోజులు దాని కిందే ఉన్నాను. నాలుగో రోజు ఆమె ఒక చెవిలో ఏమీ వినబడటం లేదంటే అప్పుడు కర్నూలుకు తీసుకుపోయాను. డాక్టరు చూసి, "కుడి చెవి దెబ్బతింది. ముందుగా వచ్చుంటే ఏమన్నా చేసేవాళ్లమేమో, చెప్పలేను" అన్నాడు. ఆ 'చెప్పలేను' దగ్గర నేను ఆగిపోయాను. కచ్చితంగా తిట్టి ఉంటే బాగుండేది.

తప్పు నాదేనని ఆమెతో అనాలి. మొహం చూసి అనే ధైర్యం నాకు లేదు. రోడ్డు చూస్తూ అనగలను. ఒక సోమవారం కృష్ణ బ్రిడ్జి మీద అన్నాను. ఆమె కిటికీలోంచి నీళ్లు చూస్తూ "ఊ" అంది. ఆ ఊ ఏమిటో అర్థం కాలేదు. క్షమించిందా, ఇప్పుడు ఆ ముచ్చట వద్దంటుందా? రెండు వారాల తర్వాత మళ్లీ అన్నాను, మళ్లీ "ఊ". మూడోసారి కొంచెం గట్టిగా అంటే నా వైపు తిరిగి, "ఏమంటివి? కారు మోతల ఏం ఇనవడ్తలేదు" అంది.

అంటే మొదటి రెండూ వినలేదన్నమాట. నేను నెల రోజులు ఆ రెండు ఊలను నెత్తిన పెట్టుకుని తిరిగాను. చెప్పొద్దూ, ఒళ్లు మండిపోయింది. కారు మీద.

ఆ శనివారం ఆమే ఒక ఉపాయం చెప్పింది. "నేను ఎనుక సీట్ల కూసుంట, నీ ఎనుకాల. మాట ఇనొస్తదేమో."

"నువ్వు ఎనుక కూసుంటే నేనేమన్న డ్రైవర్నా? ఊర్ల నలుగురు ఏమనుకుంటరు?" అన్నాను. కారు తెచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మా అమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు సీట్లో నా ఎడమ పక్కన కూర్చోబెట్టింది. మొగుడికి పెండ్లాం ఎడమ పక్కనే ఉండాలి, పీటల మీదైనా బండిలోనైనా. దాన్ని మార్చాలన్న ఆలోచన నాకే కాదు, మా ఇంట్లో ఎవరికీ వచ్చేది కాదు. ఆమె మళ్లీ ముందు సీట్లోనే కూర్చుంది.

నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ధ్వని పాఠం ప్రతి ఏడూ చెప్తాను. రేకు వణికితే మోత, రేకుకు బరువు అంటిస్తే వణుకు తగ్గుతుంది. ఇంతే కదా అనుకున్నాను. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని చూస్తే, ఫారిన్‌లో పాత కార్లవాళ్లు వెండి కాగితం అతికిన నల్ల షీట్లను లోపలి రేకంతా అంటిస్తున్నారు. హైదరాబాద్‌లో నాలుగు దుకాణాలు తిరిగితే ఎవరికీ తెలియదు. ఐదో దుకాణంలో నల్ల షీటు కనబడింది. మిద్దె కారకుండా పరిచే తారు షీటు. నలుపు ఉంది, బరువు ఉంది, అంటుకుంటుంది. రెండు చుట్టలు బస్సు మీద వేసుకుని వచ్చాను.

బస్టాండు దగ్గర సీటు కవర్లు కుట్టే భాయ్ ఉండేవాడు, అరవై ఏళ్ల మనిషి. సీట్లు విప్పడానికి ఆయన్ను పిలిచాను. షీటు చూసి గోటితో గీకి, వాసన చూశాడు.

"సార్, గిది మిద్దెకు ఏసే మాల్. మిద్దె మీద మనిషి ఊకె కూసోడు. బండ్ల కూసుంటడు. జర ఆలోచన చేయుండ్రి. లారీ ట్యూబులు కోసి అంటిద్దాం, మీద నమ్దా ఏద్దాం. మా నాయన గట్లనే చేసేటోడు."

నమ్దా అంటే సీట్ల కింద వేసే మందపాటి ఉన్ని గుడ్డ. "ట్యూబులా? పంచర్ షాపు అనుకున్నవా భాయ్? రేకు ఎందుకు మోగుతదో నాకు ఎరుకే" అన్నాను. ఆయన సీట్లు విప్పి ఇచ్చి, సలాం చేసి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరంతా నేనొక్కణ్ణే చేశాను. కారు విప్పి ఉన్నన్ని వారాలు ఆమె బస్సులోనే పోయి వచ్చేది. కార్పెట్ ఎత్తితే కింద తుప్పు. తుప్పు గీకి, కిరోసిన్‌తో తుడిచి, ఎర్ర రంగు పూసి, అది ఆరేదాకా కాలేజీ నుంచి వచ్చి కూర్చుని చూసేవాణ్ణి. తలుపుల అట్టలు విప్పుతుంటే క్లిప్పులు ఒక్కొక్కటే ఫట్టుమని విరిగాయి. ఆ క్లిప్పులు ఇప్పుడు ఎక్కడా దొరకవు. షీటును స్టవ్ మంట మీద వేడి చేసి, వంటింట్లోని చపాతీ కర్రతో రుద్ది అంటించాను. మా అమ్మ ఆ కర్రను చూసి, "నీ కారును ఒక్కనాడన్న కాలవెడ్తరా" అని నెత్తి కొట్టుకుంది.

షీటు మీద మెత్తగా ఏదన్నా వేస్తే ఇంకా మంచిదని గద్వాల మార్కెట్ యార్డు నుంచి గోనెసంచులు తెచ్చి నాలుగు పొరలు పరిచాను. పల్లికాయలు పోసిన సంచులు. దులిపాననుకున్నాను. వారం తిరగకుండా ఎలుకలు వచ్చాయి. సంచుల నారల్లో ఇరుక్కున్న పల్లి గింజల కోసం కార్పెట్ తవ్వి, సంచులు కొరికి, పనిలో పనిగా హారన్ వైరు కూడా కొరికేశాయి. పాలమూరు పల్లి మట్టిలో దాచినా ఎలుకకు దొరుకుతుంది. ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? ఇప్పటికీ తలచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

సంచులు పీకేసి ఉత్త షీటు మీదే కార్పెట్ వేశాను. మోత తగ్గినట్టే అనిపించింది. ఇంతలో ఏప్రిల్ వచ్చింది. మా ఎండ సంగతి చెప్పాలా! ఒక శనివారం ఆమె బడి ముందు రెండు గంటలు ఎండలో నిలబెట్టాను. ఆమె వచ్చి కూర్చుంది, పెబ్బేరు దాటేదాకా బాగానే ఉంది. ఇంటి ముందు దిగబోతే చీర కుచ్చిళ్లు రాలేదు. తారు కరిగి, కార్పెట్‌లోంచి ఊరి, చీరను పట్టుకుంది. తలుపుల సందుల్లోంచి నల్లగా కారుతోంది. ఆమెకు ఇష్టమైన గద్వాల నేత చీర, మెరూన్ అంచుది. వాకిట్లో కూర్చుని కిరోసిన్ గుడ్డతో రుద్దుతూ ఒక్క మాట అనలేదు. నేనే అరిచాను. ఎండ మీద, షీటు అమ్మినవాడి మీద, చివరికి ఆమె మీద కూడా, ఎందుకు మాట్లాడవని. చేతికి దొరికిన సుత్తి విసిరితే నా కారు తలుపుకే సొట్ట పడింది.

తారు అంటించడం నెల పని అయితే, గీకడం రెండు నెలల పని. గోళ్లలో, జుట్టులో, అన్నంలో తారు వాసన. క్లాసులో బోర్డు మీద రాస్తుంటే నా వేళ్లు చూసి పిల్లలు నవ్వుకునేవాళ్లు. ఒకరోజు విసిగిపోయి కారును పాత ఇనుముకు అమ్మేద్దామనుకున్నాను. అమ్మితే ఆ మాట ఎక్కడ చెప్పాలి? మళ్లీ గీకాను.

జూన్‌లో తల వంచుకుని భాయ్ దగ్గరికి పోయాను. ఆయన ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. లారీ ట్యూబులు కోసి, కడిగి, ఆరబెట్టి, జిగురు పూసి రేకుకు అంటించాడు. మీద నమ్దా. తలుపుల్లోనూ అంతే. తర్వాత ఇంటర్నెట్‌లో మళ్లీ చూస్తే ఫారిన్ షీట్లలో ఉండే రబ్బరు, ట్యూబుల రబ్బరు ఒకటేనట. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు, సిగ్గేసింది.

పని అయిన రోజు భాయ్, నేను ఖిల్లా ఘణపూర్ దాకా పోయి వచ్చాం. దారిలో భాయ్ రెండుసార్లు కిటికీలోంచి తల పెట్టి చూసి, "సార్, ఇంజన్ నడుస్తుందా, ఆగిందా?" అన్నాడు. ఆయన గొంతులోని పిల్లికూత కూడా నాకు వినబడింది. ఏడు నెలల తర్వాత మొదటిసారి నవ్వాను.

ఆ సోమవారం ఆగస్టు ముసురు. కృష్ణ నిండుగా పోతోంది. బ్రిడ్జి ఎక్కగానే, నెలల తరబడి లోలోపల వల్లించుకున్న మాట, మెల్లగా, మామూలు గొంతుతో అన్నాను.

"ఊ" అంది ఆమె, నీళ్లు చూస్తూ.

బ్రిడ్జి దిగి కారు పక్కకు ఆపేశాను. "ఇంక ఏం మోత ఉందని? సూది పడ్డా ఇనవడ్తది! ఏడు నెలలు చేసిన. ఇంక ఏం చెయ్యాలె?" అని అరిచాను.

ఆమె పూర్తిగా నా వైపు తిరిగింది. ఎడమ చెంప నాకు కనబడేటట్టు.

"మోత లేదు. మంచిగనే చేసినవ్. నువ్వు కుడి దిక్కు కూసుంటవ్. నాది కుడి చెవి పోయింది. కారు ఎంత సప్పుడు చేయకున్నా నాకు ఒకటే."

కుడి చెవి అని నాకు తెలుసు. ఆమె నా ఎడమ పక్కన కూర్చుంటుందనీ తెలుసు. ఈ రెండూ కలిపి చూడటం ఫిజిక్స్ చెప్పేవాడికి చేతకాలేదు.

"మరి కారు మోత అంటివి?"

"చెవి అనంగనే నీ మొహం మాడిపోతది. చూడలేక కారు మీద పెట్టిన. నువ్వు దాన్ని గిట్ల పట్టుకుంటవని నాకేం ఎరుక? ఎనుక కూసుంట అంటే కూసోనియ్యకపోతివి."

ఆమె తలుపు తీసుకుని దిగి, వానలో ముందు నుంచి చుట్టూ తిరిగి నా తలుపు దగ్గరికి వచ్చింది. "అటు జరుగు. నేను నడుపుత."

పెళ్లయిన కొత్తలో నేనే నేర్పాను. లైసెన్సు కూడా వచ్చింది. పక్కన కూర్చుని గేరుకు ఒక అరుపు అరిచేవాణ్ణి, ఆమె విసిగి మానేసింది. ఆ లైసెన్సు బీరువాలో చీరల కింద ఉండిపోయింది. నేను జరిగాను. ఆమె కొంగు నడుముకు దోపుకుని, సీటు ముందుకు లాక్కుని, గేరు వేసింది. కారు రెండుసార్లు ఎగిరి కదిలింది. నేను పెదవులు కొరుక్కుని ఊరుకున్నాను. ఇప్పుడు ఆమె ఎడమ చెవి నా వైపు ఉంది. చెవి పోగు కింద చిన్న పుట్టుమచ్చ, నేను మరిచిపోయింది.

ఎర్రవల్లి చౌరస్తా కనబడుతుండగా మళ్లీ అన్నాను. "జ్వరమొచ్చినప్పుడు నిన్ను దవాఖానకు తీస్కపోకపోతిని. తప్పు నాదే."

ఆమె ఎదురుగా వచ్చిన లారీని పోనిచ్చి అప్పుడు అంది.

"ఆ మూడు దినాలు నువ్వు వాకిట్ల ఇంజన్ స్టార్ట్ చేసుకుంట, బంద్ చేసుకుంట ఉంటివి. లోపల ఎడమ చెవి దిండుకు ఆనిచ్చి పండుకోని ఇంటుంటి. మూడో దినం ఒక్కసారిగ ఈ దిక్కు బంద్ అయ్యింది. ఇంజన్ ఆపినవేమో అనుకున్న." కుడి చెవిని ఒకసారి ముట్టుకుంది. "దీనికి ఆఖరుసారి ఇనవడ్డది ఈ కారు మోతనే."

నేను తల దించుకున్నాను. కాళ్ల కింద భాయ్ వేసిన నమ్దా. దాని కింద ట్యూబులు. ఏమీ వినబడటం లేదు.

"ఊకె కూసోకు," అంది. "ఇప్పుడు ఇనవడ్తుంది గద. మాట్లాడు."

గద్వాల దాకా మాట్లాడాను.