బాతులవాళ్ళకు నేను చెప్పిన ముగింపు

మా వదిన ఏ పెళ్ళికి వెళ్ళినా ఈ సంగతి చెబుతుంది. నేను కాలేజీలో ఉండగా ఇద్దరు కూలీలకు ఇంగ్లీషు నవల చదివి వినిపించానట, దాంతో వాళ్ళ కళ్ళు తెరుచుకుని, ఒకడి కింద పని మానేసి సొంతంగా బతకడానికి వెళ్ళారట. వినేవాళ్ళు నావైపు గౌరవంగా చూస్తారు. ఇన్నేళ్ళూ ఆ గౌరవాన్ని నేను కాదనలేదు, అది నా కక్కుర్తి. జరిగింది మాత్రం అలా కాదు. నేను చదివి వినిపించలేదు, నోటితో చెప్పాను. చెప్పినదాంట్లో ముఖ్యమైన ముక్క అబద్ధం.

మాది విడవలూరు దగ్గర పల్లె. కోతలయ్యాక బాతులు మేపేవాళ్ళు వచ్చేవారు. కయ్యల్లో రాలిన గింజల్ని బాతులు తింటాయి, అందుకు బదులుగా రోజూ పొద్దున చేనుగల ఇంటికి కొన్ని గుడ్లు ఇస్తారు. ఆ ఏడు, అరవైలు మొదలైన కొత్తలో, ఇద్దరు వచ్చారు. అన్నదమ్ములు కారు. పెద్దవాడిది వెంకటాచలం ఊరి వైపు, క్రైస్తవుడు. చిన్నవాడిది ఏ ఊరో వాడికే సరిగా తెలియదు, శనివారం ఒంటిపూట మాత్రం తప్పడు. బాతులు ఇద్దరివీ కావు. వాటి యజమాని అప్పుడప్పుడు సైకిలు మీద వచ్చి తిట్టి పోయేవాడు.

గుడ్లు తెచ్చే పని నాది కాబట్టి వాళ్ళ మాటలు వినేదాన్ని. రోజూ ఒకటే మాట: సముద్రం వైపు ఎక్కడో ఒక గుడిసె, నలభై సొంత బాతులు.

“ఆదివారం నేను ప్రార్థనకి పోతా, నువ్వు మేపు,” అనేవాడు పెద్దవాడు.

“శనివారం నేను పడుకుంటా, నువ్వు మేపు.”

“ఒంటిపూట తినేదానికి పడుకునేదెందుకురా?”

“ఆకలైతే నిలబడలేను అన్నా.”

నేనప్పుడు బి.ఏ. రెండో ఏడు. పని వెతుక్కుంటూ ఊరూరా తిరిగే ఇద్దరు స్నేహితులు, తమకంటూ కాస్త చేను కావాలని వాళ్ళ ఆశ. ఇదీ నేను చదివిన చిన్న నవల. పరీక్షలో దాని మీద ఆరు పేజీలు రాసి వచ్చిన ఘనురాలిని. వీళ్ళను చూడగానే నవలే నడుచుకుంటూ మా కయ్యలోకి దిగినట్టు అనిపించింది. ఇక ఆగుతానా? నాలుగు రోజులు గట్టు మీద కూర్చుని కథ చెప్పాను. చిన్నవాడు బాతుల్ని మరిచి విన్నాడు. పెద్దవాడు గుడ్లను గడ్డిలో సర్దుతూ విన్నాడు.

ఐదో రోజు చిన్నవాడు అడిగాడు. “కడాకు వాళ్ళకు చేను దొరికిందా అమ్మణ్ణీ?”

నవలలో దొరకదు. దొరక్కపోగా ఇద్దరిలో ఒకడే మిగులుతాడు. నా ఆరు పేజీల్లో రెండు పేజీలు ఆ ముగింపు ఎందుకు తప్పదన్న దాని గురించే. వాడి మొహం చూసి, “దొరికింది,” అన్నాను.

“బాతులో?”

“నలభై.” ఆ నవల జరిగే దేశంలో బాతులు మేపుతారో లేదో కూడా నాకు తెలియదు.

పెద్దవాడు తలెత్తి, “అట్నా,” అన్నాడు. అంతే.

రెండు రోజులకు యజమాని మా వాకిట్లో కేకలు. “మీ బిడ్డ ఏందో కథ చెప్పిందంట. నా మనుషులు పోతా ఉండారు. ఇప్పుడు బాతుల్ని ఆమె మేపుతాదా?”

మా నాయన నన్ను పిలిచి, “అడుగుతున్నాడు కదా, చెప్పు,” అన్నాడు. కొత్తవాళ్ళు దొరికేదాకా రెండు రోజులు నిజంగానే నేనే మేపాను. కూలీల కష్టం మీద అంత రాసినదాన్ని, మొదటి గంటలోనే సగం బాతుల్ని పక్కవాళ్ళ నారుమడిలోకి వదిలాను.

దానికి ముందు, ఆ కేకలు ఆగగానే గట్టు మీదికి పరిగెత్తాను. చిన్నవాడు మూట కడుతూ నవ్వుతున్నాడు. పెద్దవాణ్ణి పక్కకు పిలిచి, “ఆ కథలో నేను చెప్పింది...” అన్నాను.

“తెలుసు అమ్మణ్ణీ. నాలుగు రోజులు అంతంత చెప్పినోళ్ళు, చేను యాడ దొరికిందో, ఎట్ల దొరికిందో చెప్పకుండా ఒక్క మాటతో తేల్చేసినారు. వాడికి మాత్రం చెప్పబాకండి.”

మూట భుజాన వేసుకుని, వాడితో కలిసి సముద్రం వైపు వెళ్ళిపోయాడు. ఇద్దరూ మళ్ళీ మా వైపు రాలేదు. చిన్నవాడు నా మాట నమ్మి వెళ్ళాడు, సరే. నమ్మని పెద్దవాడు ఏం చూసుకుని బయలుదేరాడు?