టైర్ల బకెట్లో గుడ్డ

ఆ షెడ్డులో కార్లకి పాలిష్ పట్టే ఆవిడని అందరూ అద్దాలక్క అంటారు. ఆవిడ చెయ్యి పడిన బండిలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. నోరు పడితే మాత్రం ఆ తల ఎత్తుకోలేరు. ఆ నోటికి రోజూ దొరికేవాడు సొంత తమ్ముడు. బండ్లు కడగడం వాడి పని.

ఆ ఉదయం, ఎప్పుడూ అక్కడే కడిగించుకునే అంతిమయాత్ర బండి వచ్చింది, నల్లగా, పొడుగ్గా. లోపల పడుకున్నవాళ్లకి నొప్పి పుడుతుందేమోనన్నట్టు గతుకుల్లో నెమ్మదిగా దించుతాడు దాన్ని నడిపే పెద్దాయన. అద్దాలక్క తండ్రినీ ఆయనే అలా తీసుకెళ్లాడు.

"ఇవాళ ఎక్కేది మా అక్కేనమ్మా," అన్నాడు. "మధ్యాహ్నం ఎండలో అందరూ బండి చుట్టూ నిలబడతారు. ఈ గీతలు కనబడకుండా చూడు తల్లీ."

ఆయన ఇంటికెళ్లాక ఆవిడ లైటు వేసి చూసింది. రంగు మీద సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. వెనక తలుపు మీద మరీను. పూత మందం కొలిచే మీటరు పెట్టి చూస్తే పైపూత బాగా పలచబడింది. ఇంకొక్కసారి పాలిష్ తట్టుకుంటుంది, అంతే. ఆపైన రంగే లేచిపోతుంది.

ఒళ్లు మండిపోయింది ఆవిడకి.

"నీ పనేరా ఇది! కింద పడ్డ గుడ్డకి ఇసుక అంటుకుంటుంది, అది ఇక టైర్లు తుడవడానికే, టైర్ల బకెట్లోకే పోవాలని ఎన్నిసార్లు మొత్తుకోను? దులిపి మళ్లీ రుద్దావు కదూ?"

"లేదక్కా, నీ మీద ఒట్టు."

"నా మీదెందుకురా, నేనింకా బతకాలి!"

పక్కన సొట్టలు తీసే బాబాయి కిసుక్కున నవ్వాడు. ఆవిడ చూసిన చూపుకి గబగబా సుత్తి అందుకున్నాడు.

"నువ్వు పెట్టిన అన్నం కంటే తిట్లే ఎక్కువ తిన్నానక్కా," అని గొణిగాడు తమ్ముడు.

"అరగలేదుగా మరి!"

అదే కోపంతో మిషన్ ఎత్తింది. చేతి బరువంతా తలుపు మీద పడింది. కాసేపటికి రంగు మీద అరచెయ్యి ఆనిస్తే చురుక్కుమంది. గబుక్కున మిషన్ ఆపేసింది. తమ్ముడు తడిగుడ్డ పరిచి తలుపు చల్లార్చాడు, కొత్త ప్యాడ్ బిగించి చేతికిచ్చాడు. ఆవిడ వాడి మొహం చూడలేదు. చెయ్యి మాత్రం తేలికపరిచింది.

ఎండ ఎక్కేసరికి తలుపు కదలని నీళ్లలా తేరుకుంది.

పెద్దాయన స్నానం చేసి, తెల్లబట్టలు కట్టుకుని వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. వెనక తలుపు మీద అప్పుడే వాలిన దుమ్ము కంటపడింది. భుజం మీది తువ్వాలు తీసి, పొడిగానే, గుండ్రంగా రుద్దేశాడు.

"చెయ్యి తియ్యండి!" అద్దాలక్క అరుపుకి షెడ్డంతా ఉలిక్కిపడింది.

ఆయన బిత్తరపోయాడు. "దుమ్ముందమ్మా. దుమ్ము బండిలో నేనెవర్నీ ఎక్కించుకోను. రోజూ ఇలా తుడిచాకే బయల్దేరతాను."

నిగనిగలాడే నలుపు మీద నెలవంకల్లా రెండు కొత్త గీతలు. ఆవిడకి కోపం గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఇన్నాళ్ల తిట్లూ ఎవరికి పడ్డాయి? దేవుడా, ఇంత కోపాన్ని ఇప్పుడెక్కడ దించను?

తమ్ముడే ముందుకొచ్చి మెత్తటి గుడ్డ తడిపి ఆయన చేతిలో పెట్టాడు. "ఇకనుంచి ఇలా, తేలిగ్గా, పెద్దాయనా."

ఆయన గీతల్ని వేలితో తడిమాడు. "ఇవి పోవా?"

"పోవు," అంది ఆవిడ.

"ఉండనీలే. తుడిచింది నేనేనని మా అక్కకి తెలుస్తుంది."

బండి మెల్లగా మలుపు తిరిగింది. ఆయన మర్చిపోయిన తువ్వాలు తమ్ముడి చేతిలో ఉంది.

"ఇది టైర్ల బకెట్లోకేనా అక్కా?"

"ఉతికి ఆరెయ్. అందులో వెయ్యాల్సింది నా నోరు."

"అంత పెద్ద బకెట్టు మన దగ్గర లేదుగా."

ఆవిడ చేతిలో ఉన్న గుడ్డ వాడి మీదకి విసిరికొట్టింది. అది తగలకుండా నేల మీద పడింది. ఇద్దరూ దాని వంక చూశారు. ఆవిడే వంగి తీసి, టైర్ల బకెట్లో వేసింది.