పిడకలు చేసిన చేతులు

నా చిన్నప్పుడు, అంటే మేం కెనడా వచ్చిన రెండో ఏడు, మా నాన్నగారు ఒంటారియోలో సరస్సు ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో డాక్టరుగా పనిచేసేవారు. ఆ ఊళ్ళో తెల్లవాళ్ళు కానివాళ్ళం రెండే కుటుంబాలం. ఒకటి మాది, రెండోది మా పక్కింటి టిబెట్ వాళ్ళది. కొడుకూ కోడలూ ఫ్యాక్టరీకి వెళ్ళిపోతే ఆ ఇంట్లో పగలంతా ఒక అవ్వ ఒక్కతే ఉండేది. ఆవిడ విషయంలో నేను చేసిన పని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు.

అవ్వ కెనడాకి రాకముందు చాలా ఏళ్ళు మన దేశంలో కొండ రోడ్ల మీద రాళ్ళు కొట్టింది. అక్కడే హిందీ నేర్చుకుంది. మా అమ్మ హైదరాబాద్‌లో పెరిగింది కాబట్టి ఇద్దరికీ మాటలు కలిశాయి. అమ్మ దగ్గర విన్న హిందీతో నేనూ ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. నాకు తొమ్మిదేళ్ళు. స్కూల్లో నాతో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. బస్సు దిగగానే తిన్నగా అవ్వ దగ్గరికే వెళ్ళేదాన్ని. ఆవిడ వేయించిన బార్లీ పిండిలో వెన్న వేసి, వేడి టీ పోసి, వేళ్ళతో ముద్ద చేసి నా చేతిలో పెట్టేది. టీలో ఉప్పు ఉండేది. మొదట్లో మొహం చిట్లించాను కానీ తర్వాత అదే కావాలనిపించేది.

ముద్ద తింటూ టిబెట్‌లో ఆవిడ ఊరి సంగతులు వినేదాన్ని. ఊరంటే ఇళ్ళు కావు. జడల బర్రెల వెంట్రుకలతో నేసిన నల్లటి గుడారాలు. అంత ఎత్తులో పంట పండదు, చెట్టు మొలవదు. ఉన్నదల్లా పశువులే. పాలూ వెన్నా వాటివే, గుడారం వాటిదే, బరువులు మోసేదీ అవే. ఏడాదికోసారి మగవాళ్ళు ఉప్పు సరస్సుకి వెళ్ళి, ఉప్పు మూటలు గొర్రెల వీపులకెత్తి, వారాల తరబడి నడిచి కింది లోయలకి దిగేవారట. అక్కడ ఉప్పు ఇచ్చి బార్లీ తెచ్చుకునేవారు. ఆ బార్లీ అయిపోకుండా చూసుకోవడం ఆడవాళ్ళ వంతు.

చెట్లు లేకపోతే పొయ్యిలోకి ఏం పెడతారని ఒకరోజు అడిగాను. పేడ అంది అవ్వ. ఎండబెట్టి, గుడారం పక్కన గోడలా పేర్చుకుంటారట. ఎవరి గోడ పెద్దదైతే వాళ్ళ ఇల్లాలు అంత పనిమంతురాలన్న లెక్క. నాకు ఎంత సంతోషమేసిందో! మా నాయనమ్మ గుంటూరు పక్క పల్లెలో పేడలో ఊక కలిపి పిడకలు చేసేది. నేనూ పక్కన కూర్చుని చిన్న చిన్న పిడకలు గోడకి కొట్టేదాన్ని. లేచి అవ్వ వాళ్ళ వంటింటి గోడ మీద అరచేత్తో చరిచి చూపించాను. అవ్వ కూడా లేచి చరిచింది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుకున్నాం.

ఆ చలికాలం మా టీచరమ్మకి అవ్వ చేత పిల్లలకి ఆ కబుర్లు చెప్పించాలని బుద్ధి పుట్టింది. ఇంగ్లీషులోకి మార్చి చెప్పే పని నాకిచ్చింది. నాకు గర్వంగా ఉంది. అవ్వ చారల ఏప్రను కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది. గుడారాలు, గొర్రెలు, ఉప్పు అన్నీ బాగానే జరిగాయి. అప్పుడు వెనక బెంచీ కుర్రాడు, నేనడిగిన ప్రశ్నే అడిగాడు.

అవ్వ మొహం వెలిగిపోయింది. గోడ మీద చరుస్తున్నట్టు చెయ్యి ఊపుతూ జవాబు చెప్పింది. నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పీ చెప్పకముందే క్లాసంతా గొల్లుమంది. ముక్కులు మూసుకున్నారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. నేనూ ముక్కు మూసుకున్నాను.

పిల్లలకి కథ నచ్చిందనుకుంది పాపం అవ్వ. నన్ను చూపించి మళ్ళీ చెయ్యి ఊపింది, ఈ పిల్లకీ వచ్చు అన్నట్టు.

"నిన్ను గురించి ఏమంటోంది?" అంది టీచరమ్మ.

"ఏం లేదు. మేం పక్కింటివాళ్ళమని."

"మీరూ అలాగే చేస్తారా?" అన్నాడు ఆ కుర్రాడు.

"ఛీ! మేం చెయ్యం. వాళ్ళే."

టీచరమ్మకి నమ్మకం కుదిరినట్టు లేదు. నా వైపు వేలు చూపించి, తనూ చెయ్యి ఊపి, ఈమె కూడానా అన్నట్టు అవ్వ వైపు చూసింది. అవ్వ నన్ను చూసింది. ఎంతసేపో కాదు. నా మొహంలో ఏం కనిపించిందో, తల అడ్డంగా ఊపి, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లోంచి వెతుక్కుని అంది:

"నో, నో. ఓన్లీ మీ."

ఆ తర్వాత చేతులు ఏప్రను కింద పెట్టుకుని, అడిగినవాటికి పొడిపొడిగా జవాబులు చెప్పింది. నవ్వుతూనే ఉంది.

ఆ రోజు నుంచి నేను అవ్వ గడప తొక్కలేదు. అమ్మ అడిగితే హోంవర్క్ అన్నాను. కిటికీలోంచి అవ్వ కనిపిస్తే పరదా లాగేసేదాన్ని. ఎండాకాలంలో వాళ్ళు టొరంటో వెళ్ళిపోయారు. సామాను ఎక్కిస్తున్నంతసేపూ నేను బాత్రూంలో తలుపు గడియ వేసుకుని కూర్చున్నాను. కింద నుంచి అవ్వ నా పేరు పెట్టి రెండుసార్లు పిలిచింది. పలకలేదు.

మొన్నీమధ్య, ఇప్పుడు మేముంటున్న మిల్టన్‌లో మా ఇంట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, ఇదంతా అమ్మకి చెప్పాను. అమ్మకి ఎనభై దాటాయి. ఆశ్చర్యపోతుందనుకున్నాను.

"నాకు అప్పుడే తెలుసే. నువ్వు ఎందుకు రావడం లేదని నేనే వెళ్ళి అడిగితే చెప్పింది. పిల్ల భయపడింది, ఏమీ అనకు అని నా చేత ఒట్టేయించుకుంది. తను రాళ్ళ పనికి కొత్తగా వచ్చినప్పుడు, వెన్న కంపు కొడుతోందని పక్కవాళ్ళు ఏడిపిస్తే, నాకసలు వెన్నే పడదని చెప్పుకు తిరిగిందట."

అమ్మ తేలిగ్గా నవ్వేసి కాయలు తీసుకుంది. నాకు నవ్వు రాలేదు. ఆవిడకి కోపం లేదని తెలిశాక నా బరువు తగ్గాలి కదా. తగ్గలేదు. ఇంకా ఎక్కువైంది.

మా ఇళ్ళ వరసలో ఈ మధ్యే హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళ పిల్ల స్నేహితుల ముందు తనకి తెలుగు రాదని చెబుతూ, నేను విన్నానేమోనని నా వైపు బెదురుగా చూసింది. నేను ఇంగ్లీషులోనే పలకరించి వెళ్ళిపోయాను. ఆ ఒక్కటీ అవ్వ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ దగ్గరికి వెళ్ళి ఒక్క మాట చెప్పడం మాత్రం నేర్చుకోలేకపోయాను. ఆ రోజుల్లో మా గుమ్మానికీ అవ్వ గుమ్మానికీ మధ్య ఇరవై అడుగులు కూడా లేవు.