నవ్వని హాసినితో అహోబిలం మీదుగా

మే నెల, పొద్దున ఆరు గంటలు, కర్నూలు బస్టాండు. కిటికీలోంచి తువ్వాలు విసిరి నంద్యాల బస్సులో సీటు పట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు కండక్టరుగా చేసినవాణ్ణి. ఇలా తువ్వాళ్ళు విసిరేవాళ్ళను ఆ ముప్పై ఏళ్ళూ తిట్టిపోశాను. రిటైరైన మర్నాటి నుంచి నేనూ అదే పని చేస్తున్నాను.

ప్రయాణం ఎందుకంటే, మా అమ్మాయి సుజాతకు తిరుపతిలో ఒక ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ముందు నెలన్నర అక్కడే ఉండి పని నేర్చుకోవాలి. అల్లుడిది ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగం, వారానికొక షిఫ్టు. తొమ్మిదేళ్ళ మనవరాలు హాసిని ఆ నెలన్నరా మా దగ్గరుంటేనే సుజాత వెళ్ళగలదు. చిక్కంతా అక్కడే. దసరా సెలవులకు వచ్చిన పిల్ల రెండో రోజే ఏడుపు లంకించుకుని వెనక్కి వెళ్ళిపోయింది. నేనేం చేశానని? వీధిలో అందరిళ్ళకూ తిప్పి, ప్రతి ఇంట్లోనూ పాట పాడమన్నాను, అంతే. ముద్దు చేయడమంటే మా వైపు అదే.

"ఈసారి పాప ఉండనంటే నేను ఉద్యోగం వదులుకుంటా నాయనా. ఇట్లాంటిది మళ్ళా రాదు" అని సుజాత ఫోనులో చెప్పేసింది. మా ఆవిడ దానికి ఇంకో మాట కలిపింది: "పిల్ల ఏడ్చుకుంటా ఎనక్కి పోయిందంటే నీకు హోటలు కూడే గతి."

నంద్యాలలో ఇడ్లీ తిన్నాను. సాంబారు గురించి చెప్పడానికేమీ లేదు, అందులో ఏమైనా ఉంటే కదా. అక్కడి నుంచి ఎర్రగుంట్ల రైలు. ఈ లైనులో వెళ్ళేవాళ్ళు తాగే నీళ్ళు వెంట తీసుకెళ్ళడం మంచిది. బనగానపల్లె దగ్గర పొలాల గట్లకు కూడా నాపరాళ్ళే నిలబెట్టారు. ఆ రాళ్ళ వ్యాపారం చేసే ఒకాయన నా పక్కన కూర్చుని నా కథంతా విన్నాడు.

"చాక్లెట్లు కొనిపెట్టప్పా. నీ ఎనకాలే తిరుగుతాది" అన్నాడు.

"కొన్నాలే. మనిషి బస్సు మెట్టెక్కేటప్పుడే వాని గుణం చెప్తా నేను. ఇదొక లెక్కా?" అన్నాను.

మధ్యాహ్నం పన్నెండుకు ఎర్రగుంట్లలో దిగాను. అక్కడ చెట్ల ఆకులు కూడా బూడిద రంగులోనే ఉంటాయి. హాసిని తలుపు పక్కన నిలబడి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. పేరే హాసిని, నవ్వు మాత్రం అరువడిగినా రాదు. చాక్లెట్టు తీసుకుని, విప్పకుండా తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టింది.

రాత్రి అన్నాల దగ్గర ప్రశ్నలు మొదలుపెట్టింది. "రేపు ఎన్నింటికి లేయాల తాతా? ఏ బస్సు ఎక్కుతాం? మధ్యలో బాత్రూం యాడుంటాది?"

"అన్నీ ముందే చెప్తే ఇంక మజా ఏముంటాది? సర్‌ప్రైజు!" అన్నాను.

పిల్ల ముద్ద అక్కడే ఆగిపోయింది. "దానికి సర్‌ప్రైజులు పడవు నాయనా" అంది సుజాత. నేను పట్టించుకోలేదు. ఎవరి పోలికో అని మాత్రం అన్నాను. మా వైపు అందరమూ నోరున్నవాళ్ళమే కాబట్టి నింద అల్లుడి వైపు వెళ్ళింది. అతను సంగటి తింటూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. దాంతో నా అనుమానం ఖాయమైపోయింది.

మర్నాడు ఏడింటికి బయల్దేరాం. ప్రొద్దుటూరులో నంద్యాల బస్సు రాగానే తువ్వాలు విసిరాను. హాసిని నా చొక్కా పట్టుకు లాగింది. "తాతా, ఆ అవ్వ మనకన్నా ముందు నుంచి నిలబడుండాది."

"నీకెందుకు, గమ్మున కూర్చో."

కూర్చోలేదు. ఆ ముసలావిడ వచ్చి కూర్చునేదాకా సీటు పక్కన స్తంభంలా నిలబడింది. పిల్ల నిలబడితే నేను కూర్చోలేను కదా. మైదుకూరు దాకా ఇద్దరమూ నిలబడే వెళ్ళాం. అక్కడ పక్క సీటు ఖాళీ అయితే, ఇద్దరమూ అందులో సర్దుకున్నాం.

"ఎవురి పాపప్పా? శానా బుద్ధిమంతురాలు. నీ పేరేంది పాపా?" అని ముసలావిడ పలకరించింది.

"హాసిని అవ్వా. పాట భలే పాడుతాది. పాడు పాపా, అవ్వకొక పాట పాడు" అన్నాను. పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను మోచేత్తో పొడిచాను. ఇంకా తిరిగింది.

"నోరు లేదాప్పా?" అని ముసలావిడ జాలిపడింది. నాకు తల తీసేసినట్టయింది.

పదిన్నరకు ఆళ్లగడ్డ. నా సర్‌ప్రైజుకు వేళయింది. "దిగు దిగు! మనం ఇప్పుడే కర్నూలుకు పోవడంలే. అహోబిలం పోతాండాం!" అని చప్పట్లు కొట్టాను.

హాసిని ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది. "నేను రాను. కర్నూలుకే అన్నావు గదా."

"కొండలు, కోతులు, గుళ్ళు! బాగుంటాది రా."

"రాను. అమ్మ దగ్గరికి పోదాం." కన్నీళ్ళు బొటబొటా కారాయి. బస్సులో తలా ఒక సలహా. ఎత్తుకో అని ఒకరు, రెండు తగిలించు అని ఇంకొకరు. "ఏం పెద్దాయనా, దిగుతావా లేదా?" అని కండక్టరు. ముప్పై ఏళ్ళు నేను జనాన్ని అన్న మాట అది. సుజాత ఉద్యోగం నా కళ్ళముందే జారిపోతున్నట్టనిపించింది. భయమేసింది. భయం వేస్తే నాకు కోపమొస్తుంది.

"కర్నూలుకే పోతాం తల్లీ! ఆళ్లగడ్డ, దిగువ అహోబిలం, మళ్ళా ఆళ్లగడ్డ, శిరివెళ్ల, నంద్యాల, పాణ్యం, ఓర్వకల్లు, కర్నూలు! చాలునా?" అని డ్యూటీలో స్టేజీలు అరిచినట్టు ఒక్క గుక్కలో అరిచాను.

పిల్ల ఏడుపు ఆపేసింది. ముక్కు తుడుచుకుంది. "అహోబిలంలో ఎంతసేపుంటాం?"

"అన్నం తినేదాకా."

"బాత్రూం?"

"ఈ బస్టాండులో ఒకటి, గుడి దగ్గర ఒకటి."

"సరే" అని కడ్డీ వదిలి, తన సంచి తనే తీసుకుని దిగింది.

అహోబిలం బస్సులో నా పాత డ్యూటీ గుర్తొచ్చింది. నా సర్వీసులో ఆత్మకూరు ఎప్పుడొస్తుందని పదేపదే అడిగినవాళ్ళను ఎంతమందిని చూశానో. వాళ్ళను మొండివాళ్ళని ఏనాడూ అనుకోలేదు. తెలియని దారి, భయం, అంతే అనుకుని అడిగినప్పుడల్లా చెప్పాను. ఎవరో తెలియని ప్రయాణికుడికి ఇచ్చిన జవాబు సొంత మనవరాలికి ఇవ్వలేదు. పైగా దానికి మజా అని పేరు పెట్టాను.

దిగువ అహోబిలంలో గుడి లోపల చల్లగా ఉంటుంది. బయట మాత్రం మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా ప్రదక్షిణ చేస్తే పుణ్యం సంగతేమో గానీ బొబ్బలు ఖాయం. ఎగువకు వెళ్ళదలచుకున్నవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి. మేం వెళ్ళలేదు, చెప్పిన స్టేజీల్లో అది లేదు కదా. ఈ కొండల్లో తొమ్మిది మంది నరసింహస్వాములు ఉన్నారని హాసినికి చెప్పాను. ఒకాయన మంటలాంటి కోపంతో ఉంటాడు, ఒకాయన లక్ష్మీదేవితో ముచ్చటగా ఉంటాడు, ఒకాయన సంగీతం వింటుంటాడు, ఒకాయన ఎవరి జోలికీ పోకుండా యోగంలో కూర్చుంటాడు.

హాసిని అడిగింది. "యోగంలో ఉండే స్వామిని ఎవురూ పాట పాడమని అడగరా తాతా?"

"అడిగితే ఊరుకుంటాడా? గోర్లుండాయి గదా."

తన చేతులు చూసుకుంది. "నాకు ల్యావు" అంది.

గుడి దగ్గర భోజనం చేశాం. పప్పు బాగుంది. హాసిని రెండోసారి వడ్డించుకుంది, నేను తిను తిను అనకుండానే.

రెండింటికి తిరుగు ప్రయాణం. ఆళ్లగడ్డలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. శిరివెళ్ల వచ్చింది, హాసిని తలూపింది. నంద్యాల వచ్చింది, తలూపింది. ఆ తర్వాత చాలాసేపటికి నన్ను తట్టింది.

"తాతా, పాణ్యం రాలేదు."

కండక్టరును అడిగాను. "ఎక్స్‌ప్రెస్‌లు పాణ్యంలోకి పోయి శానా దినాలాయె పెద్దాయనా. బైపాసే" అని నవ్వాడు. హాసిని నా వైపు చూసింది. పెదవి చివర ఏదో కదిలింది. నవ్వేనని ప్రమాణం చేయలేను.

"కర్నూలు తర్వాత?" అని అడిగింది.

"ఇంటికే."

"ఇంట్లో ఎవరుంటారు?"

అసలు విషయం అక్కడుంది. మా ఆవిడ ఆ సాయంత్రానికి వీధిలో ఆడవాళ్ళందరినీ పిలిచింది, పాప పాట వినడానికి. దాచిపెట్టి లోపలికి తీసుకెళ్దామనే అనుకున్నాను. కానీ చెప్పేశాను. పిల్ల చేతులు మళ్ళీ కడ్డీ మీదికి వెళ్ళాయి. వెంటనే ఫోను తీశాను.

"ఎవురినీ రావద్దని చెప్పు" అన్నాను.

"బజ్జీలకు పిండి కలిపినా! ఎవురు తినాల?"

"నేను తింటా. పాపను పాట అడగొద్దు. ఈ దినమే కాదు, అది తనంతట తాను పాడేదాకా అడగొద్దు."

"అదేం చోద్యమయ్యా! పాప చెప్పమనిందా?"

"నేనే చెప్తాండా."

నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడతో అలా మాట్లాడింది అదే మొదలు. దాని ఫలితం ఇంటికి వెళ్ళాక ఎటూ తప్పదు.

ఈ దారిలో మనవళ్ళనూ మనవరాళ్ళనూ తీసుకెళ్ళేవాళ్ళకు నాకు తెలిసింది చెబుతాను. పోలికలు తర్వాత వెతుక్కోవచ్చు. ఎక్కే ముందే బస్సు ఎక్కడికి పోతుందో చెప్పండి. కొందరు పిల్లలకు అది అక్కర్లేదు, ఎక్కి ఎగురుతారు. కొందరికి అది తెలిస్తే తప్ప కాలు కదలదు. మీ పిల్ల ఏ రకమో నన్ను అడగొద్దు, మెట్టెక్కేటప్పుడే చెప్పగలననే బడాయి నాకిప్పుడు లేదు.

ఓర్వకల్లు దాటాక హాసిని ఫోను అడిగి తీసుకుంది. తల్లితో మాట్లాడింది.

"అమ్మా, నువ్వు తిరుపతికి పో. తాత స్టాపులన్నీ ముందే చెప్పినాడు. ఒకటి తప్పు చెప్పినాడు. అయినా నేను ఉంటా."

అవతల సుజాత ఏడ్చిందో నవ్విందో బస్సు రొదలో నాకు వినపడలేదు. నేను మాత్రం ఎండ మీద నెపం పెట్టి కళ్ళు తుడుచుకున్నాను.