పూజలో పెట్టిన యంత్రం

తొంభైల్లో నేను నరసాపురానికి దిగువన, సముద్రం పక్కనున్న ఒక మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటుగా పనిచేశాను. మాకో యంత్రం ఇచ్చారు. డాబా మీద డిష్షు, గదిలో చిన్న పెట్టె. తుపాను మా తీరానికే వస్తుంటే ఉపగ్రహం నుంచి కబురందుకుని సైరన్ మోగించేది, తర్వాత తెలుగులో హెచ్చరిక చదివేది. దాని బాధ్యత నాది. ఆ పెట్టెను చూసుకుని నాకు కాస్త టెక్కు కూడా ఉండేది.

ఆఫీసు ఊడ్చే ఆమె భర్త సముద్రం మీద చేపల వేటకు వెళ్లేవాడు. పడవ తీసే ముందురోజు సాయంత్రం ఆమె మా ఇంటి గుమ్మం ముందు నిలబడి, యంత్రం ఏమన్నా చెప్పిందా అని అడిగేది. నేను ఏమీ లేదంటేనే పడవ కదిలేది. రేడియోను వాళ్లు నమ్మేవారు కాదు. అది కోస్తా అంతటికీ కలిపి ఒకటే మాట చెబుతుందని విసుక్కునేవారు.

ఆ ఏడు మహర్నవమికి ఆఫీసులో ఆయుధపూజ చేశాం. టైపు మిషనుకు, బీరువా తాళాలకు, స్టాప్లర్లకు బొట్లు పెట్టాను. యంత్రానికీ పెట్టి, బంతిపూల దండ వేసి, స్విచ్చి ఆపేశాను. పూజలో ఉన్న వస్తువుతో మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా పని చేయించకూడదు కదా! ఎవరూ వద్దనలేదు. నా బుర్రకూ తట్టలేదు. అంత చదువు చదివీ తట్టలేదు.

పండగ సెలవు కాబట్టి ఆమె ఆఫీసుకు రాలేదు. సాయంత్రం మా ఇంటికొచ్చింది. నేను గారెలు తింటున్నాను.

"మిషనేమన్నా చెప్పిందాండీ? తెల్లారగట్ల ఎల్తానంటున్నారు."

"ఏం చెప్పలేదమ్మా."

అబద్ధమాడలేదు. అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

దశమి నాడు పదింటికి తీరిగ్గా వెళ్లి, కొబ్బరికాయ కొట్టి స్విచ్చి వేశాను. వేసీ వేయగానే సైరన్ అందుకుంది. హెచ్చరిక ముందురోజు సాయంత్రం నుంచీ వస్తూనే ఉందట. రేవుకు పరుగెత్తాను. గాలి లేచింది. పడవ ఎప్పుడో వెళ్లిపోయింది.

అతను తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు.

తనిఖీకి వచ్చిన ఇంజనీరు యంత్రం బాగానే ఉందని రాసుకున్నాడు. దాని మీది కుంకుమ చూశాడు, ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

నెల తర్వాత ఆమె మళ్లీ పనిలోకి వచ్చింది. ఒకరోజు ఊడుస్తూ ఊడుస్తూ ఆగి, నా వైపు చూడకుండానే అంది.

"ఆరోజు మీరు తింటన్నారని మొహమాటపడ్డానండి. ఇంకోసారి అడిగుంటే మీరెల్లి చూసొచ్చేవోరు. తప్పు నాదేనండి."

అవతలి గది కూడా ఊడ్చమన్నాను.