కొల్లేటికోట శాఖలో పూర్తి హాజరు

వానకు తడిసిన తుంగచాప ఎండేటప్పుడు ఒక వాసన వస్తుంది. ఈ పొద్దున మా వసారాలో ఆ వాసన తగలగానే చేట పక్కన పెట్టి, కరుణమ్మగారి కథ రాయడానికి కూర్చున్నాను. కొల్లేరు, పొగమంచు, కలరా, మనుషులు లేని ఇంట్లో మనుషుల గొంతులు. పద్దెనిమిది పర్వాలకు సరిపడా సరంజామా ఉంది, ఇతిహాసమే రాసేద్దామనుకున్నాను. తీరా కలం ముంచాక తెలిసింది, ఇందులో యుద్ధం లేదు, శాపం లేదు. కొందరు డాక్టర్ల భార్యలు శుక్రవారం మధ్యాహ్నాలు చాపల మీద కూర్చోవడం తప్ప ఇంకేమీ జరగదు. చదవడం మానెయ్యదలచిన వాళ్ళు ఇక్కడే మానెయ్యవచ్చు.

కరుణమ్మగారు ఏలూరులో ఒక పెద్ద డాక్టరుగారి భార్య. మిషన్ బడిలో చదివి, పెళ్ళికి ముందు అక్కడే పాఠాలు చెప్పారు. కలరా వచ్చిన ఏడాది డాక్టర్లందరూ ఊళ్ళు పట్టుకుని తిరుగుతుంటే, ఇరుగుపొరుగు వాళ్ళు ఆ ఇళ్ళ గడప తొక్కడానికి జంకారు. రోజూ రోగులను తాకి వచ్చే మనిషి ఇల్లు కదా. పాలు పోసే ఆవిడ కూడా చెంబు అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపొమ్మనేదట. అప్పుడు పుట్టింది మా సంఘం. డాక్టరు ఊళ్ళో లేనప్పుడు ఆయన భార్య దగ్గర ఇంకొక డాక్టరు భార్య వెళ్ళి కూర్చోవాలి. ఆశయం అంతవరకే. నేనూ ఒక డాక్టరు భార్యగా అప్పుడే ఏలూరు కాపురానికి వచ్చాను. నా దస్తూరీ చూసి కార్యదర్శిని చేశారు. "రాత బాగుందమ్మాయ్, నోరే కాస్త అదుపులో పెట్టుకో," అన్నారు కరుణమ్మగారు. ఆ రెండో సంగతి కోసం ఆవిడ చివరిదాకా ఎదురుచూశారు.

సభ్యులను చేర్చడంలో ఆవిడ పద్ధతి చూడాలంటే తాడేపల్లిగూడెం వెళ్ళాలి. అక్కడి డాక్టరుగారి భార్య సీతమ్మగారు మమ్మల్ని కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, సంఘం మాట ఎత్తగానే తలుపు వైపు చూశారు.

"వారినడగాలండీ."

"తప్పకుండా అడగండి. ఈలోగా నేను మజ్జిగ తాగుతాను."

"వారు ఊళ్ళో లేరండీ."

"ఎప్పుడొస్తారు?"

"చెప్పలేదండీ. ఎప్పుడూ చెప్పరండీ."

కరుణమ్మగారు గ్లాసు కింద పెట్టారు. "అందుకే వచ్చామండీ," అన్నారు. సీతమ్మగారు కలం అడిగారు.

అలా పదిమందిమి అయ్యాం. పదకొండో ఆవిడ మాత్రం టపాలో చేరింది. కొల్లేటికోట డాక్టరుగారు మందుల కోసం ఏలూరు వచ్చినప్పుడు కరుణమ్మగారు ఆయన చేతికి సంఘంలో చేరే కాగితం ఇచ్చి పంపారు. ఆయన భార్య మాణిక్యం సంతకం చేసి టపాలో తిరిగి పంపింది. కరుణమ్మగారు సంబరపడి, కొల్లేటికోటను ఒక శాఖగా ప్రకటించి, అచ్చు నియమాలూ సభ్యుల పట్టికా పంపించారు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం సభ జరపాలి, పట్టికలోని పేర్లన్నీ చదివి హాజరు వెయ్యాలి, ఎవరేమన్నారో రాసి నెలకోసారి పంపాలి. ఆ ఊళ్ళో డాక్టరుగారి ఇల్లు ఒక్కటేనన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. నేను కార్యదర్శిని కాబట్టి అందరికంటే ముందు నాకు తట్టవలసింది.

నెల తిరిగేసరికి నివేదిక వచ్చింది. ప్రతి శుక్రవారమూ హాజరు పదకొండు. ఏలూరులో మేము ఐదుగురం కూడితే గొప్ప. "కొంగలను కూడా చేర్చుకున్నారేమోనండీ," అన్నాను. అందరూ నవ్వారు. తరువాత కరుణమ్మగారు హాజరైనవారి పేర్లు చదివారు. అవి మా పేర్లే. నవ్వు ఆగిపోయింది.

ఎవరేమన్నారో కూడా ఉంది. సీతమ్మగారికి మోకాళ్ళ నొప్పులట. కరుణమ్మగారు ప్రార్థన చేశారట. నా పేరు దగ్గర ఇలా ఉంది: "భర్త ఊళ్ళకు వెళ్ళిన రోజుల్లో గడియ వేసుకుని, లోపల ఇద్దరున్నట్టు పైకి మాట్లాడుకుంటున్నానని హైమవతిగారు చెప్పారు."

నేను ఆ పని చేసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు, మా వారికి కూడా.

మరుసటి శుక్రవారమే కరుణమ్మగారూ నేనూ పడవెక్కాం. కాలువ దాటి కొల్లేట్లో పడ్డాక పొగమంచు ఎంతకీ విడలేదు. రెండు వైపులా కిక్కిస గడ్డి దుబ్బులు దగ్గరికి వచ్చి, మళ్ళీ తప్పుకుంటున్నాయి. అన్ని వేల పక్షులుండే చోట ఒక్కటీ కూయడం లేదు. నేను రెండు హాస్యాలాడాను. రెండూ నీళ్ళలోకే పోయాయి. గట్టుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. పడవవాడు ఇల్లు చూపించి, తాను దిగనన్నాడు.

"కలరా డాక్టరుగారిల్లండీ. మందుకి గుమ్మం దాకా ఎల్తారు, కూకోరండి. అయినా ఆ ఇంట్లో జనం శానామందండీ. మాటలినపడతాయి. మడుసులే అవుపడరు."

తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఒక ఆడగొంతు పేర్లు పిలుస్తోంది.

"తాడేపల్లిగూడెం సీతమ్మగారు."

"వచ్చానండీ." వయసు మళ్ళిన గొంతు.

"ఏలూరు కరుణమ్మగారు."

"వచ్చానమ్మా." నిదానమైన గొంతు. నా పక్కన నిలబడ్డ కరుణమ్మగారి పెదవులు కదలలేదు. మిగతా పేర్లూ ఒక్కొక్కటే పలికాక చివరి పేరు వచ్చింది.

"ఏలూరు హైమవతిగారు."

ఎవరో పడుచుపిల్ల నవ్వు ఆపుకుంటున్నట్టుగా, "వచ్చానండీ," అంది.

గుమ్మం బయట నిలబడి, లోపల నేను పలకడం విన్నాను.

కరుణమ్మగారు తలుపు తోశారు. గదిలో పదకొండు చిన్న తుంగచాపలు వరుసగా పరిచి ఉన్నాయి. పది ఖాళీ. పదకొండో దాని మీద పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒక్క మనిషి, నెలలు నిండిన మనిషి. ఆ అమ్మాయి మమ్మల్ని చూసి ఉలిక్కిపడలేదు. ఆలస్యంగా వచ్చిన అపరిచితులను చూసినట్టు చూసింది.

"ఎవరు కావాలండీ? సభ జరుగుతోంది. అందరూ వచ్చేశారు."

డాక్టరుగారు తొమ్మిది రోజుల కిందట కలిదిండి వైపు వెళ్ళారని, మళ్ళీ కబురు లేదని తరువాత తెలిసింది. ఆ క్షణంలో తెలిసింది ఒక్కటే. ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేస్తే, నొప్పులు వచ్చినా ఆ అమ్మాయి ఈ పదిమందినే పిలుస్తుంది. "ఇక్కడ ఎవరూ లేరమ్మా" అనబోయాను. కరుణమ్మగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"నా చాప ఏదమ్మా?" అని అడిగారు.

మాణిక్యం కొంచెం తటపటాయించి రెండోది చూపించింది. కరుణమ్మగారు వెళ్ళి, పమిట సర్దుకుని, దాని మీద కూర్చున్నారు. "దారిలో ఆలస్యమైంది. మళ్ళీ మొదటినుంచి పిలువు."

మాణిక్యం పుస్తకం తెరిచింది. సీతమ్మగారి పేరు పిలిచి, ఆ ముసలి గొంతుతో తనే పలికింది. కరుణమ్మగారి పేరు పిలిచింది. "వచ్చానమ్మా," అన్నారు ఆవిడ, అచ్చం ఇందాక విన్నట్టే. మాణిక్యం తలెత్తి చాలాసేపు ఆవిడ వంక చూసింది. మిగతా పేర్లూ అయ్యాక చివరగా నా పేరు పిలిచింది. నేను గుమ్మంలోనే నిలబడి "వచ్చానండీ" అన్నాను. గొంతు నాదిలా లేదు. అప్పుడు మాణిక్యం పుస్తకం మూసి, మొహం దానికి ఆనించుకుని ఏడ్చింది.

కాస్త తేరుకున్నాక అడిగాను, నా గుట్టు తనకెలా తెలిసిందని.

"మీదని తెలీదండీ. నాదే. నా పేరున రాసుకోవడానికి సిగ్గేసింది. పట్టికలో చివర ఉన్నారని మీకు రాశాను."

కరుణమ్మగారు అక్కడే ఉండిపోయారు, పురుడు వచ్చేదాకా. నన్ను అదే పడవలో వెనక్కి పంపుతూ, "తప్పు నాదే హైమా. పేర్లు పంపాను, మనుషులను పంపలేదు," అన్నారు. ఆ రోజు నుంచి టపాలో సభ్యులను చేర్చడం ఆపేశాం. మిగతా వాళ్ళం వంతులవారీగా కొల్లేటికోట వెళ్ళాం, మోకాళ్ళ నొప్పులు లేని సీతమ్మగారితో సహా. ఆడపిల్ల పుట్టింది. డాక్టరుగారు చిక్కి సగమై తిరిగి వచ్చి, ఇంటినిండా ఆడవాళ్ళను చూసి, ఇల్లు తప్పి వచ్చాననుకుని బయటికి వెళ్ళబోయారు.

కరుణమ్మగారు పోయిన ఏడాది పోయారు. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది తక్కువే. ఎవరైనా లేనివాళ్ళతో మాట్లాడుతుంటే వాదించను, అక్కడ చోటు చూసుకుని కూర్చుంటాను. కొత్త డాక్టరు ఏ ఊరికి వచ్చినా ఆయన భార్య పేరు రాసుకునే ముందు ఒక పూట వాళ్ళింట్లో గడిపి వస్తాను. హాస్యాలు మానలేదు గానీ, మా వారు ఊళ్ళో లేని రోజున గడియ తీసే ఉంచుతాను.

కొల్లేటికోట వంతులు ఇప్పటికీ ఆగలేదు; వంతు ఉన్నవాళ్ళు పడవలో వెనకవైపు కూర్చోవాలి. ముందు కూర్చుంటే చీర తడుస్తుంది.